ఏనుగు కాలు

తడిమట్టి వాసన తగిలితే చాలు, నా నోట ఒక అబద్ధం వస్తుంది. పదేళ్లకే నేను చేసిన మట్టి ఏనుగు బట్టీలోంచి చెక్కుచెదరకుండా బయటికొచ్చిందని, నా దగ్గర సిరామిక్స్ నేర్చుకునే పిల్లలకు నలభై ఏళ్లుగా చెబుతున్నాను.

నిజానికి ధవళేశ్వరం బడిలో మేరీ టీచరుగారు ఆ ఏనుగు పొట్టలోని మట్టంతా నాచేత తీయించారు. ఆవిడ అటు తిరగగానే నేను మళ్లీ కూరేశాను. లోపలి చెమ్మ ఆవిరై ఏనుగు బట్టీలో పేలింది. ఎగ్జిబిషన్ కోసం ఆవిడ నెలరోజులు కష్టపడి చేసిన కూజా కూడా దాని పక్కనే ముక్కలైంది.

"పొట్ట నింపిందెవర్రా?"

"నేనేనండి. ఖాళీ కడుపుతో ఏనుగు ఎలా నిలబడుతుందండి?"

ఆవిడకు నవ్వూ ఆగలేదు, కన్నీళ్లూ ఆగలేదు. ముక్కల్లోంచి ఏనుగు కాలొకటి ఏరి నా చేతిలో పెట్టారు.

"కాలు బాగా చేశావురా. దీనికి తగ్గ ఏనుగుని చెయ్యి. ఈసారి దాన్ని పస్తుంచు."

ఆ కాలు ఇప్పటికీ నా బల్లమీదే ఉంది. మిగతా ఏనుగేదండీ అని పిల్లలడిగితే, ఈ కాలొక్కటీ నాకొదిలి ఎవరో ముచ్చటపడి పట్టుకెళ్లారంటాను.

నిన్న ఓ పిల్ల చేసిన గుర్రం బట్టీలో పేలిపోయింది. ఏడుస్తుంటే ఆ కాలు చూపించి, మొదటిసారి అసలు సంగతి చెప్పాను. తర్వాత ఇద్దరం ముక్కలు వెతికాం. గుర్రం చెవి భలే కుదిరింది.