పద్మ చేతి సింహాల కడియం

మా ఇంట్లో దయ్యాల మాటెత్తితే నేను లేచి వెళ్లిపోయేదాన్ని. నగల కొట్లో పనిచేస్తూ, చనిపోయినవాళ్ల ఒంటిమీది బంగారాన్ని ఎన్నోసార్లు చేతుల్లోకి తీసుకున్నాను. ఎప్పుడూ నాకేమీ అనిపించలేదు. కాబట్టి ఇది భయస్థురాలు చెప్తున్న సంగతి కాదు.

మాది ప్రొద్దుటూరు. చాలా ఏళ్లుగా నగల దుకాణంలో గాజులు, కడియాలు చూపించే పని నాది. ఇప్పుడు అందరూ యాంటిక్ అడుగుతున్నారు. కొత్త బంగారానికే మసక రంగు పట్టించి, పాత నగలా కనిపించేట్టు చేసి అమ్ముతాం. నిజంగా పాతది మా ఇంట్లోనే ఉండేది.

అది మా అవ్వది. ఎదురెదురుగా రెండు సింహం తలలు, కళ్లకు కెంపులు, లోపల లక్క నింపిన లావుపాటి కడియం. ఆమె కాలంలో జమ్మలమడుగు వైపు కలిగిన ఇళ్లలో ఆడవాళ్లకు అలాంటి జత లేకపోతే నామోషీ అట. అమ్మ కాలానికి అవి మోటుగా కనిపించాయి. జతలో ఒకదాన్ని కరిగించి సన్న గాజులు చేయించుకుంది. రెండోదానికి తలల మధ్య బిగించే మర అరిగి ఊడిపోతుంటే టంకం పెట్టించి మూయించేసింది. అప్పటినుంచి అది తెరుచుకోదు. గాజులా ఎక్కించుకోవాల్సిందే.

చెల్లెలు పద్మది సన్న చెయ్యి. సబ్బు రాసుకుంటే ఎక్కేది. నాకు మాత్రం బొటనవేలి ఎముక దగ్గరే ఆగిపోయేది. ఎంత ఇష్టపడ్డా నాకది రాసిపెట్టి లేదనుకుని పద్మకే వదిలేశాను.

పద్మ వాళ్లకు చక్రాయపేట దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. మధ్యాహ్నం పద్మ చెట్టు కింద రాలిన కాయ తీయబోతే కడియం ఉన్న చేతినే పాము కరిచింది.

వేంపల్లె ఆసుపత్రికి చేరేసరికి చెయ్యి మోచేతి దాకా ఉబ్బింది. అక్కడ విషానికి మందు ఎక్కించారు. మట్టిగాజులు పగలగొట్టి తీసేశారు కానీ కడియం కండలోకి దిగబడిపోయింది. ఉంగరాలు కోసే కత్తెర మొన కూడా దాని కిందికి దూరలేదు. వేళ్లు నల్లబడుతున్నాయి. "పులివెందులకు తీస్కపోండమ్మా, ఆలస్యం చేస్తే చెయ్యి దక్కదు" అన్నారు.

అంబులెన్సులో ఒకపక్క నేను, కాళ్ల దగ్గర దాని మొగుడు, మా మరిది సుధాకర్. పద్మ కేక పెడుతూనే ఉంది. "అక్కా, పగిలిపోతాంది. తీసెయ్యక్కా."

ఏడుపు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుని, ఆ చేతిని నా రెండు చేతులతో పట్టుకున్నాను. బంగారం గురించి నాకు ఇంత తెలుసు, తీయడం మాత్రం తెలియలేదు. కళ్లు మూసుకుని, నా చెయ్యి తీసుకో, దాని చెయ్యి వదిలెయ్యి అనుకున్నాను. ఎవరితో అనుకున్నానో తెలియదు.

పులివెందుల దగ్గర పడుతుండగా పద్మ కేకలు ఆగిపోయాయి. ప్రాణం పోయిందనుకుని కళ్లు తెరవడానికి భయపడ్డాను.

సుధాకర్ నా భుజం పట్టుకుని కుదిపాడు. "వదినా, అది నీ చేతికి ఎట్లొచ్చె?"

పద్మ మణికట్టు చుట్టూ లోతుగా ఎర్రటి గాడి ఉంది. కడియం లేదు. అది నా మణికట్టుకు ఉంది.

పద్మ బతికింది. చెయ్యి కూడా దక్కింది కానీ రెండు వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు.

కడియం నా చేతినుంచి రాలేదు. సబ్బు, నూనె, అన్నీ అయ్యాయి. చివరికి ప్రొద్దుటూరులో మాకు తెలిసిన, నగలు చేసే ఆచారి దాన్ని కోసి తీశాడు. కోసేముందు భూతద్దంతో చూశాడు. టంకం చెక్కుచెదరలేదు. ఎక్కడా సొట్ట లేదు. లోపల లక్క ఉన్న నగను కాస్త గట్టిగా నొక్కినా సొట్ట పడుతుంది.

"ఇది నీ చేతికి ఎక్కే సైజు కాదు గదమ్మా" అన్నాడు ఆయన.

కంగారులో నేనే లాగి తొడుక్కుని ఉంటానని మా ఆయన అంటారు. అలా నమ్మాలని నాకూ ఉంది.

కొన్నాళ్లకు పద్మను నిదానంగా అడిగాను, ఏం జరిగిందే అని.

"ఏందక్కా అట్లడుగుతావు? నువ్వే గదా, 'ఇట్లియ్యి, నేనేసుకుంటా' అంటివి. అన్నాక శానా సులువుగా వచ్చేసె."

సుధాకర్ వైపు చూశాను. అతను తల అడ్డంగా ఊపాడు. ఆ దారిలో నా నోట్లోంచి కొంగు తీయనేలేదని అతనికి తెలుసు.

"నీ గొంతు నాకు తెలీదాక్కా?" అంది పద్మ.