నా తాళాల గుత్తి

కరోనా తర్వాత కాలేజీలు తెరిచిన ఏడాది. సిద్దిపేటలో ఒక డీఎడ్ కాలేజీలో నేను హెల్త్ ఎడ్యుకేషన్ చెప్పేదాన్ని. టీచర్ కాబోయేవాళ్లు తప్పనిసరిగా పాసవ్వాల్సిన పేపర్ అది. అయినా ఒకరి రికార్డు చూసి ఒకరు దింపేసేవారు. నాకు ఒళ్లు మండేది.

ఫిట్స్ పాఠం మాత్రం గట్టిగా చెప్పేదాన్ని. "చేతిల తాళాలు పెట్టుడు, ఉల్లిగడ్డ వాసన చూపుడు, నోట్లె చెంచా పెట్టుడు, ఏదీ వద్దు. పక్కకు తిప్పి పండవెట్టాలె." దీన్నే రికవరీ పొజిషన్ అంటారు. ఊపిరికి అడ్డం లేకుండా చూడటమే దాని పని.

ఆ పాఠం అయిన వారానికే, నారాయణరావుపేట నుంచి వచ్చే స్వరూప రికార్డు చూపిస్తూ నా టేబుల్ దగ్గర కూలబడింది. కాళ్లూ చేతులూ కొట్టుకోసాగాయి. నేనేం చేశాను? బీరువా తాళాల గుత్తి తీసి ఆమె గుప్పిట్లో కుక్కాను. మా అవ్వ అలాగే చేసేది. పక్కకు తిప్పింది తోటి అమ్మాయిలే.

తేరుకున్నాక స్వరూప గుప్పిట విప్పి చూసుకుంది. "మీరే వద్దన్నరు గద మేడం," అంది మెల్లగా. సిగ్గుతో చచ్చిపోయాను. అంతలోనే ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

"చిన్నప్పటి సంది ఉన్నది మేడం. మందులు వాడుతున్న. ఎవ్వలకు చెప్పలె. పిల్లల ముందట గిట్ల పడితె నన్ను టీచరంటరా? కాలేజీ బంద్ చేస్త."

"అన్నీ తెల్సిన నేనే తప్పు చేసిన బిడ్డా. ప్రాక్టీసుకు పోయిన బడిల మొదలు గీ పాఠమే చెప్పు. నీ సంగతి నువ్వే చెప్పు," అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని రికార్డు తీసుకుని వెళ్లిపోయింది. కాలేజీ మాత్రం మానలేదు.

టీచింగ్ ప్రాక్టీస్ అంటే ఊరి బడిలో కొన్ని వారాలు నిజంగా పాఠాలు చెప్పడం. నేను పరిశీలనకు వెళ్లిన రోజే, నాలుగో తరగతికి లెక్కలు చెబుతూ స్వరూప పడిపోయింది. నేను వెనక బెంచీ నుంచి వచ్చేలోగా పిల్లలు కుర్చీ దూరం జరిపారు. ఒక పిల్ల తన బ్యాగు టీచర్ తల కింద పెట్టింది. ఇంకో పిల్ల గోడ గడియారం మీంచి చూపు తిప్పలేదు. నా చెయ్యి మళ్లీ హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. తాళాలు గలగలమన్నాయి.

"తాళాలు వద్దు మేడం!" బ్యాగు పెట్టిన పిల్ల నన్ను కసిరింది. "మా టీచర్ చెప్పింది."

కొట్టుకోవడం ఆగగానే ఇద్దరు కలిసి ఆమెను పక్కకు తిప్పారు. కాసేపటికి స్వరూప కళ్లు తెరిచి, బెదురుగా చుట్టూ చూసింది.

"రెండు నిమిషాలే టీచర్," అంది గడియారం చూసిన పిల్ల. "జర పండుకో. లెక్క మల్ల చేద్దం."

'టీచర్' అన్న ఆ మాటకు స్వరూప ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

పాఠం తెలియడం వేరు, చేతికి రావడం వేరని ఆ రోజు అర్థమైంది. స్వరూప ఇప్పుడు చేర్యాల దగ్గర ఒక బడిలో పనిచేస్తోంది. నేను ఏటా ఫిట్స్ పాఠం రోజున తాళాల గుత్తి టేబుల్ మీద పెట్టి, ముందుగా నా తప్పే చెబుతాను.