రాజన్న కారు, నా రాగితీగ

నిప్పు సంగతి నాకు తెలియదని ఎవరూ అనలేరు. నిప్పుల మీద నడిచే బాబాల గుట్టు విప్పుతూ ఊళ్లూళ్లూ తిరిగినవాణ్ణి. అలాంటి నేను ఒక మనిషి బతుకుదెరువును పట్టపగలు తగలబెట్టబోయాను. నవ్వండి, కానీ చివరిదాకా వినండి.

తెలంగాణ ఉద్యమం ఊరూరా రాజుకున్న రోజులు. సిరిసిల్లలో సభ. కోరుట్ల నుంచి రాజన్న టాక్సీలో బయలుదేరాలి. ఆ ముసలి కారే వాళ్లింటికి అన్నం పెట్టేది. దారంతా ప్రచారం చేస్తూ పోదామని మైకుసెట్టును దాని బ్యాటరీకే తగిలించాను. రెండు మాటలనగానే ఫ్యూజు పోయింది. కొత్తది వేస్తే అదీ పోయింది.

కార్ల వైరింగు చేసే యూసుఫ్ భాయ్ డాష్‌బోర్డు కింద తల పెట్టి చూశాడు.

"లోపల వైర్ల తొడుగు మొత్తం పొడిపొడి అయింది సార్. రేపటిదాంక ఆగుండ్రి, కొత్తయి గుంజుత."

"తెలంగాణ రేపటిదాంక ఆగదు భాయ్."

"తెలంగాణ బస్సుల పోతది. కారు ఆగాలె."

"ఫ్యూజు జాగల తీగ కడితే అయిపాయె గదా?"

"ఫ్యూజు తను కాలి కారును కాపాడతది సార్. తీగ తను బతికి కారును కాలవెడ్తది."

ప్రశ్నించమని లోకానికి బోధించేవాడికి జవాబు వినే తీరిక ఎక్కడిది? ఆయన చాయ్‌కి పోగానే రాగితీగ బిగించాను. మైకు మోగింది.

"చూసినవా రాజన్నా, గిదీ సైన్సంటే."

"మీరు సదువుకున్నోళ్లు సార్," అన్నాడు రాజన్న. ఆ నమ్మకం ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది.

చందుర్తి దగ్గర నేను మైకులో మూఢనమ్మకాలను చీల్చి చెండాడుతున్నాను.

"సార్, పొగ."

"పొలంల ఏదో కాలవెట్టిండ్రు, పోనియ్యి."

"పొలం మీ కాళ్లకాడ ఉన్నదా సార్?"

కిందికి చూస్తే మంట. ఇద్దరం దూకాం. రాజన్న బానెట్ ఎత్తి బ్యాటరీ వైరు పీకబోయి చెయ్యి కాల్చుకున్నాడు. జనం పరుగెత్తుకొచ్చారు, నీళ్లతో కాదు, నినాదాలతో. ఆ రోజుల్లో రోడ్డు మీద మంట కనబడితే దిష్టిబొమ్మో టైరో అనుకోవడమే అలవాటు. కారు కాలి ఒకడేడుస్తుంటే, జై కొట్టడానికి గొంతు సవరించుకున్నారట మరికొందరు.

మట్టి ఎత్తిన ఒకామెను పక్కనున్నాయన ఆపాడు. "ఆగు అక్కా, గది ఉద్యమం."

"ఉద్యమం గాదే, నా కారు," అంటూ రాజన్న రోడ్డు మీద కూలబడ్డాడు.

"మనిషి ఏడుస్తుంటె కండ్లు కనవడ్తలేవా నీకు?" అని ఆమె మట్టి చల్లింది. అప్పుడు అందరూ చల్లారు. ఇంజిను దక్కింది. ముందు సీట్లు, డాష్‌బోర్డు బొగ్గయ్యాయి.

"ఎవలు అంటువెట్టిండ్రు?" అని అడిగాడొకాయన.

రాజన్న నా వైపు చూశాడు.

"నేనే," అన్నాను.

చప్పట్లు మార్మోగాయి. రాజన్నను నా డ్రైవరనీ, నన్ను సొంత కారును త్యాగం చేసిన వీరుడనీ అనుకున్నారు. నా ఉపన్యాసాల్లో ఒక్కదానికీ అన్ని చప్పట్లు రాలేదు. రాజన్న మాత్రం కాలిన చేతికి రుమాలు చుట్టుకుంటున్నాడు.

దేవుణ్ణి నమ్మనివాణ్ణి గనక రాజన్న చేతి మీద ఒట్టేసి చెబుతున్నాను: పనితెలిసినవాడు వద్దన్న తీగను ఈ జన్మలో ముట్టను. ముడితే, ఆ చప్పట్లు మళ్లీ నాకే తగులుగాక.