తోడు వేసిన నీళ్ళు

మొన్న నంద్యాలలో పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుంటే గది మూలన అద్దాల తొట్టి ఒకటి కనబడింది. రంగుల చేపలు, అడుగున గులకరాళ్ళు. పన్ను నొప్పి మరిచిపోయి లేచి వెళ్ళి, మూత కొంచెం ఎత్తి ముక్కు పెట్టాను. తొలి వానకు తడిసిన రేగడి వాసన. "ఏందవ్వా, ఆడేం చేస్తాండావు?" అని పేర్లు రాసుకునే అమ్మాయి గద్దించింది. "ఏం ల్యా. నీళ్ళు మాగినాయా లేదా అని చూస్తాండా" అన్నాను. ఆ పిల్లకు నా మతి మీద అనుమానం వచ్చి ఉంటుంది. ఆ వాసన పట్టడం నాకు నేర్పిన మనిషి రత్నమ్మ టీచరమ్మ. ఆమెను మీరెవరూ ఎరగరు. నాకు రాయడం రాదు కాబట్టి నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాది ఆళ్లగడ్డ. పెళ్ళయిన ఏడాదే మా ఆయన ఏసోబుకు నంద్యాల బియ్యం మిల్లులో మూటలు మోసే పని దొరికింది. నన్ను అదే ఊళ్ళో ఆడపిల్లల బడిలో ఆయాగా పెట్టుకున్నారు. మూడు నెలలు పని చూస్తాం, నచ్చితే ఉంచుకుంటాం అన్నారు. బడి వెనక ఒక చిన్న గది కూడా ఇచ్చారు. ఆ పని పోతే గది పోతుంది. గది పోతే నేను ఆళ్లగడ్డకు పోయి పత్తి ఏరుకోవాలి, ఆయన మిల్లులో మూటల మీద పడుకోవాలి. కొత్తగా పెళ్ళయిన వాళ్ళం. ఆ గది మాకు మేడతో సమానం.

రత్నమ్మ టీచరమ్మ సైన్సు చెప్పేది. పొట్టి మనిషి. ముడిలో పువ్వుకు బదులు పెన్సిలు ఉండేది. నవ్విందంటే పక్క వీధికి వినబడేది. ఆమె కమ్మరి చేత ఇనుప చట్రం చేయించి, నాలుగు అద్దాలు బిగించి, సందులకు లప్పం పెట్టించి వరండాలో తొట్టి కట్టించింది. కర్నూలు చేపల ఆఫీసు వాళ్ళు నాలుగు చేపలు పంపించారు. ఆఫ్రికా దేశం నుంచి కొత్తగా వచ్చిన జాతి, జిలేబీ చేపలంటారు, వీటి వంశం పేరు సిక్లిడ్ అని ఆమె పిల్లలకు చెబుతుంటే విని, నేను ఇంటికి పోయి మా ఆయనకు చెప్పాను. "సిగ్గులేదా? ఎవరికి?" అన్నాడు. ఇక మా ఇంట్లో వాటి పేరు సిగ్గులేని చేపలే.

ఆ నాలుగింటినీ చంపింది నేను. ఊరికి ఎడంగా ఉండే మా పేట ఆడవాళ్ళకు ఒక జబ్బు ఉండేది. మేం తోమిన గిన్నెను ఎవరు మళ్ళీ తోముకుంటారోనని మేమే మూడుసార్లు తోమేవాళ్ళం. తొట్టి అద్దానికి రెండో వారమే జిగట పట్టింది. టీచరమ్మ చూస్తే ఏమంటుందోనని చేపల్ని బకెట్లోకి తీసి, తొట్టినీ రాళ్ళనూ కుంకుడు రసంతో తళతళలాడేటట్టు రుద్ది, బావి నీళ్ళు నింపి, చేపల్ని మళ్ళీ వదిలాను. మధ్యాహ్నానికి నాలుగూ పైకి తేలి నోళ్ళు తెరిచాయి. సాయంత్రానికి లేవు. అబద్ధం తయారుగా పెట్టుకున్నాను, పిల్లి అని.

"ఏం చేసినావు సుందరీ?" అంది టీచరమ్మ. గొంతులో కోపం లేదు. అందుకే పిల్లి నా నోటికి రాలేదు. అంతా చెప్పాను. పెద్ద టీచరమ్మ, అంటే బడి హెడ్‌మిస్ట్రెస్, అక్కడే నిలబడి "రేపే పంపించెయ్యండి ఈమెను" అంది. రత్నమ్మ టీచరమ్మ ముడిలోంచి పెన్సిలు తీసి మళ్ళీ గుచ్చుకుంది. "సగం తప్పు నాది. తొట్టి మాగకముందే ఆత్రంగా వదిలినా. ఇంకో జత తెప్పిస్తా. తొట్టిని సుందరే చూసుకుంటాది. మూడు నెలలు నిండేనాటికి ఆ జత బతికుంటే ఆమె ఉంటాది. ల్యాకపోతే మీ ఇష్టం" అంది. నా కాపురం రెండు చేపల మీద పెట్టింది ఆమె.

మరునాడు నన్ను పిలిచి కూర్చోబెట్టింది. "పాలు కొత్త కుండలో పోసి ఊరికే పెడితే పెరుగైతాదా?"

"తోడెయ్యాల గదమ్మా."

"నీళ్ళు గూడా అంతే. చేప ఇడిచిన మలినం నీళ్ళల్లో ఇసమైతాది. ఆ ఇసాన్ని తినే జీవాలు ఉండాయి, కంటికి అగపడవు. ముందు ఒక రకం పుట్టి దాన్ని ఇంకో ఇసం చేస్తాది. దాన్ని తినే రకం ఎనకాల పుడతాది. నువ్వు రుద్ది పారేసిన జిగట అవే."

"మరి నేనేం చెయ్యాలమ్మా?"

"ఏం చెయ్యగూడదు. కూసోని చూడాల. నీకు అదే కష్టమైన పని."

ఆ తోడు కోసం ఆమె నన్ను మా ఊరికే పంపింది. ఆళ్లగడ్డ చర్చి ఆవరణలో ఒక పాత రాతి తొట్టి ఉండేది, అందులో ఏళ్ళ తరబడి పరిగె చేపలు బతికేవి. దాని అడుగు రాళ్ళు తడి గోనెలో మూట కట్టుకుని, ఆరు పరిగెలు కుండలో వేసుకుని బస్సెక్కాను. "రాళ్ళు ఆరితే ఆ జీవాలు సస్తాయి" అని టీచరమ్మ చెప్పినందుకు దారి పొడుగునా మూట మీద నీళ్ళు చిలకరిస్తూనే ఉన్నాను. బస్సంతా తడి. కండక్టరు వచ్చి "ఏందమ్మా ఆ మూట, కారతాండాది?" అన్నాడు.

"తోడప్పా."

"తోడైతే దానికీ టికెట్టు కొట్టాల గదా. యాడ కూసున్యాడు?"

బస్సులో అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఉద్యోగం ఊడేటట్టున్న మనిషిని అంత నవ్వు ఎట్లా నవ్వానో ఇప్పటికీ తెలియదు.

రాళ్ళు వేశాం. ఒకరోజు నిలవబెట్టిన బావి నీళ్ళు పోశాం. ముందు ఆ ఆరు పరిగెలనే వదిలాం, అవి మొండివి, తట్టుకుంటాయని. చిటికెడు తవుడు, అంతే. ఆరు వారాలు ఆగాలి. రోజుకొక బొగ్గు గీత గోడ మీద గీశాను. నాలుగో గీతకు నీళ్ళు బియ్యం కడిగిన కుడితిలా తెల్లబారాయి. నా చేతులు ఊరుకోవు. చీపురు పట్టుకుని వరండా ఊడ్చిందే ఊడ్చేదాన్ని. అది చూసి టీచరమ్మ ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలు రాసి అద్దానికి అంటించింది. నా వేలు పట్టుకుని ఒక్కొక్క అక్షరం మీద నడిపించింది. "ముట్టుకోవద్దు" అని ఉంది. ఆ మాట మాకు కొత్తేమీ కాదు. బావి దగ్గర, కొట్టు దగ్గర పుట్టినప్పటి నుంచి వింటున్నదే. నా ముఖం చూసి ఆమెకు అర్థమైంది. "ఇది నీకు కాదు సుందరీ. ఊర్లో వాళ్ళకందరికీ. నేను గూడా నిన్ను అడిగే ముట్టుకుంటా" అంది. నేను చదవడం నేర్చిన మొదటి మాట అది.

పదకొండో గీతనాడు పెద్ద టీచరమ్మ వచ్చి "ఏంది ఈ మురికి, ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు" అని తొట్టిలో చెయ్యి పెట్టబోయింది. నేను అట్టముక్క చూపించాను.

"నీకు చదవను వస్తాదా?" అంది.

"ఈ ఒక్కటే వస్తాదమ్మా."

ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. లోపల తరగతిలోంచి రత్నమ్మ టీచరమ్మ నవ్వు వినబడింది. ఆ తర్వాత వారానికి నీళ్ళు వాటంతట అవే తేటపడ్డాయి. అద్దానికి పసరు రంగు పట్టింది. టీచరమ్మ రోజూ నా తల వంచి వాసన పట్టించేది. "కుళ్ళు వాసనా, మన్ను వాసనా?" ఒకరోజు మన్ను వాసన వచ్చింది. ఆ రోజు ఆమె చప్పట్లు కొడుతూ నన్ను గంతులు వేయించింది, చిన్నపిల్లను ఆడించినట్టు.

జిలేబీ జత వచ్చిన కుండను తొట్టిలోనే తేలనిచ్చి, కొంచెం కొంచెంగా తొట్టి నీళ్ళు కలిపి అలవాటు చేసి వదిలాం. మగది అడుగున గుంట తవ్వుకుని, ఆడదాని వెంట తిరిగి తిరిగి, మా ఆయన పెట్టిన పేరు నిలబెట్టింది. కొన్నాళ్ళకు ఆడది తిండి మానేసింది. దవడలు ఉబ్బాయి. మూలన నక్కి కదలదు. మూడు నెలలకు ఇంకో వారమే ఉంది. "గవదలేమో, సున్నం పూసి చూడు" అన్నాడు మా ఆయన. నాకు నవ్వు రాలేదు. ఇద్దరి బట్టలూ విడివిడిగా మూటలు కట్టాను. టీచరమ్మను అడిగితే "ముట్టుకోవద్దు" అని మాత్రం అంది, కళ్ళలో ఏదో దాచుకుని.

ఐదు రోజులు నీళ్ళు మార్చకుండా, రాయి కదపకుండా, పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఆరో రోజు పొద్దున ఆ తల్లి నోరు తెరిచింది. పొగ వదిలినట్టు నోట్లోంచి పిల్లలు బయటికి వచ్చాయి. ఆవగింజంత కళ్ళు, ఎన్నో లెక్క తెలియదు. నేను అరిచిన అరుపుకు అవి బెదిరి గుంపుగా మళ్ళీ తల్లి నోట్లోకే దూరాయి. "తినేసిందమ్మా, తినేసింది" అని ఏడుస్తూ పరిగెత్తాను. టీచరమ్మ నన్ను గుంజుకొచ్చి కూర్చోబెట్టి, "గుడ్లనూ పిల్లలనూ నోట్లోనే సాకే జాతి ఇది. నోరు మూసుకోని చూడు" అంది. తల్లి మళ్ళీ వదిలింది. ఈసారి ఇద్దరం ఊపిరి బిగపట్టాం. పెద్ద టీచరమ్మ కూడా వచ్చి, చేతులు వెనక్కు కట్టుకుని చూసింది. పోతూ పోతూ "ఈమె పేరు రిజిస్టర్లో ఎక్కించండి" అంది. నేను ఆ మధ్యాహ్నమే మూటలు విప్పాను.

ఆ బడిలో, తర్వాత దాని హాస్టల్లో నా తల నెరిసింది. మా ఆయన పోయినప్పుడు వచ్చిన వాళ్ళందరూ ఏదో ఒకటి చెప్పారు. టీచరమ్మ మాత్రం రోజూ వచ్చి నా పక్కన కూర్చుని పోయేది. ఆమె నుంచి నాకు వచ్చింది ఆ కూర్చోవడమే. హాస్టల్‌కు పల్లెల నుంచి కొత్త పిల్లలు వచ్చి ఏడుస్తుంటే, తల దువ్వి, బట్టలు మార్చి, ఆటల్లోకి తోయమనేవాళ్ళు. నేను తోసేదాన్ని కాదు. ఇంటి నుంచి తెచ్చుకున్న మాసిన దుప్పటి ఉతకమంటే, ఇంకొన్నాళ్ళు ఉండనీ అనేదాన్ని. కోయిలకుంట్ల వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల పదహారు రోజులు ఆ దుప్పటిలోనే ముడుచుకుని, పూటకు రెండు ముద్దలు కొరికి వదిలేసింది. నేను పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకున్నాను. పదిహేడో రోజు ఆ పిల్ల కంచం పట్టుకుని వచ్చి "అవ్వా, ఇంకొంచెం సంగటి పెట్టు" అంది. బియ్యం చేట పక్కన పెట్టి, లేచి వడ్డించాను.