చదివి వినిపిస్తేనే సంతకం

"అంగడితో పాటు మమ్మల్ని గూడా అమ్మేసినారా సామీ?" అని అంగడి అమ్మిన రోజు అడిగాను. "ఏ కాయితం ఇచ్చినా ముందు చదివించుకోమ్మా" అన్నాడు మా అంగడి పెద్దాయన, తల దించుకుని. ఆయనకూ నాకూ అవే కడపటి మాటలు. నెల తిరక్కుండానే ఆయన పోయాడు.

నిన్న మా కోడలు బిడ్డకోసం ఆ అంగట్లోనే ఒక పుస్తకం కొనుక్కొచ్చింది. దాని మీద ప్లాస్టిక్ కవరు, బిగించి అంటించేసి ఉంది. "విప్పి చూడనీలేదా?" అంటే, "కొన్నాకనే విప్పాలంట అత్తా" అంది. అందుకే కోడల్ని కూర్చోబెట్టి ఇదంతా రాయిస్తున్నాను.

తిరుపతిలో ఆ పుస్తకాల అంగడి పెద్దాయనది. మా ఆయన చనిపోయిన ఏడు ఊడ్చే పనికి అక్కడ చేరాను. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నా, మొదటి పేజీ పైకి చదివి వినిపించాకే ఆయన దారం కట్టి ఇచ్చేవాడు. పుత్తూరులో విరిగిన చేతికి కట్టు కట్టించుకుని వచ్చినవాడైనా, బస్సు పోతుందని ఎగిరేవాడైనా నిలబడి వినాల్సిందే. "పిల్లను చూడకుండా పెండ్లి చేసుకుంటావా అప్పా?" అనేవాడు. చీపురు పట్టుకుని నేనూ వినేదాన్ని. అలా నాకు ఎన్ని పుస్తకాల మొదటి పేజీలు నోటికి వచ్చాయో లెక్కలేదు, ఒక్కదాని కడపటి పేజీ తెలియదు. అక్షరాలు రాకున్నా నగరి మగ్గాల ఇంటి బిడ్డను, రంగు ఒకసారి చూస్తే మరచిపోను. అట్ట రంగు చెబితే చాలు, ఆ పుస్తకం ఏ బీరువాలో ఉందో తీసిచ్చేదాన్ని. నా పేరు రాయడం పెద్దాయనే నేర్పాడు. చివరికి ఆయనకే చూపు ఆనక, అంగడి ఒక పెద్ద కంపెనీకి అమ్మేశాడు.

వారానికే కంపెనీనుంచి టై కట్టుకున్నాయన వచ్చి, మా ఆరుగురికీ తలా ఒక కాగితం ఇచ్చాడు. ఐదుగురు గబగబా సంతకాలు పెట్టేశారు. చదువుకున్నవాళ్ళు, అందుకే చదవలేదు. నేను మాత్రం "చదువు నాయనా" అన్నాను.

"అందరికీ ఒకటేనమ్మా, మామూలే."

"ఈ అంగట్లో మొదటి పేజీ ఇనకుండా ఎవురూ ఏమీ తీసుకపోరు. చదువు."

చదివాడు. నా ఇష్టంతో నేనే పని మానుకుంటున్నానని ఉంది.

"నా ఇష్టం నాకు తెలీకుండా నీ కాయితంలోకి యాడినుంచి వచ్చింది నాయనా? తీసేస్తాండేది నువ్వు. తీసేసినామని రాయి, పెడతాను."

బెదిరించాడు, బతిమాలాడు. నేను స్టూలు మీదనుంచి లేవలేదు. అది చూసి క్యాష్ కౌంటరు అన్న వచ్చి, "నాది గూడా ఒకసారి చదవండి సార్" అన్నాడు. "పెట్టిన సంతకం పెట్టిందే" అన్నాడు టై ఆయన. సాయంత్రానికి నాకొక్కదానికే వేరే కాగితం వచ్చింది, కంపెనీయే తీసేసిందని. పైకి చదివించుకుని, నా పేరు వంకరటింకరగా రాశాను. పని అందరికీ పోయింది. కానీ నేనుగా పోలేదు, తీసేశారు. ఆ కాగితం నా ట్రంకు పెట్టెలో ఉంది.

పెద్దాయన మీద కోపం పోలేదు. చదివించుకోమన్న ఆ ఒక్క మాట మాత్రం దాచుకున్నాను. కాలమూ ఆ టై మనిషి లాంటిదే, చదవనీకుండా సంతకం పెట్టు పెట్టు అని తొందర చేస్తుంది. చేయనీ. రాసింది చాలు అమ్మణ్ణీ, కింద నా పేరు నేనే రాస్తాను. ముందు మొదటినుంచి చదివి వినిపించు.