చప్పుడు లేని బండి

బీడీలు చుట్టేవాళ్లు తల ఎత్తరు. ఒళ్లో చాట, చేతిలో కత్తెర, వేళ్ల సందున దారం. తల ఎత్తితే ఒక బీడీ తగ్గినట్టే. అందుకే మాకు చూపంతా చెవుల్లోనే ఉంటుంది. లింగంపేట నుంచి ఎల్లారెడ్డికి పోయే రోడ్డు మీద మా ఇల్లు. ఏది పాలబండి, ఏది సారు స్కూటరు, ఏది బ్రేకులు అరిగిన బస్సు, అరుగు మీద కూర్చుని చూడకుండానే చెప్పేదాన్ని. మా ఆయన మోటారు బండైతే వాగు మీది వంతెన ఎక్కుతుండగానే గుర్తుపట్టి పొయ్యి మీద చాయ్ పెట్టేదాన్ని.

ఒక సాయంత్రం ఆ చప్పుడు రాలేదు. చాటలో నీడ పడింది. తల ఎత్తితే వాకిట్లో ఆయన బండి, దాన్ని పట్టుకుని ఇద్దరు ఊరివాళ్లు. కామారెడ్డి నుంచి వస్తూ ఛాతీలో నొప్పి వచ్చి బండి ఆపి, తాళం జేబులో వేసుకుని చెట్టు కింద కూర్చున్నాడట. మళ్లీ లేవలేదు. తాళం ఆయనతోపాటే దవాఖానకు పోయింది. అందుకని బండిని నెట్టుకుంటూ తెచ్చారు. వాళ్లు నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది.

అది జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నాతో నా కూతురు, దాని బిడ్డ ఉంటారు. మనవరాలు ఎల్లారెడ్డిలో ఇంటర్ చదువుతుంది. బస్సు ఆడవాళ్లకు ఉచితమే, కానీ మా ఊరికి వచ్చేసరికి కాలు పెట్టే చోటుండదు, ఆపకుండా పోతుంది. చదువు మానిపించాల్సి వస్తుందేమో అనుకుంటుండగా కూతురు కరెంటు స్కూటీ కొన్నది. వాళ్ల కాలేజీలో సగం మంది అవే తెస్తారట, గోడ పొడుగునా వరుసగా పెడతారట.

మొదటి రోజు సాయంత్రం చాటలో నీడ పడింది. ఏ చప్పుడూ లేదు. తల ఎత్తితే వాకిట్లో బండి. కత్తెర నా వేలు కోసింది. మనవరాలు నవ్వుతూ నిలబడింది, పాపం దానికేం తెలుసు.

రోజూ అదే నీడ, అదే దడ. ఆఖరికి గోడకున్న గజ్జెలు, మా ఆయన ఎడ్ల మెడలో కట్టినవి, తీసి స్కూటీ హ్యాండిల్‌కు కట్టాను. మరునాడు మనవరాలు కాలేజీ నుంచి మొహం మాడ్చుకుని వచ్చింది.

“ఎడ్లబండొచ్చింది, గడ్డి వెయ్యుండ్రి అంటున్నరు అమ్మమ్మ.”

“అననీ బిడ్డ. నాకు వినపడాలె.”

కాలేజీ దగ్గర విప్పి సంచిలో పెట్టుకుని, వచ్చేటప్పుడు మళ్లీ కట్టుకునేది. నా కోసమే.

అయినా నా భయం పోలేదు. ఒకనాడు అది చార్జింగ్ పెట్టి బువ్వకు కూర్చుంటే, ఎవరూ చూడకుండా స్విచ్ ఆపేశాను. ఒక్క రోజైనా ఇంట్లో ఉంటుందనుకున్నాను. తెల్లారి చూస్తే బండిలో చార్జింగ్ సగం కూడా లేదు. కానీ ఆ రోజు పరీక్ష. పోయి వచ్చేంత ఉందిలే అని ఎక్కి పోయింది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

సాయంత్రం వంతెన వైపు నుంచి గజ్జెలు వినిపించాయి. రోజులా గలగలమనడం లేదు. ఆగి ఆగి, ఎద్దు నడకలో వస్తున్నాయి. బండిని నెట్టుకుంటూ తెస్తున్నారు. ఎవరు నెడుతున్నారు? చేతిలో దారం తెగింది. నేను తల ఎత్తలేదు. ఎత్తేదాకా ఏదీ జరగనట్టే అనిపించింది. గజ్జెలు వాకిట్లోకి వచ్చి ఆగాయి. చాటలో నీడ పడింది. ఒక్క నీడే.

“అమ్మమ్మ, నీళ్లియ్యి. చార్జింగ్ అయిపోయింది. పెద్ద మోరీ కాడి నుంచి నెట్టుకొస్తున్న.”

దాని అరికాళ్లు బొబ్బలెక్కాయి. నేనే కడిగాను. స్విచ్ ఎవరు ఆపారని కూతురు అడిగితే, కరెంటు పోయి ఉంటదిలే అని మనవరాలే అన్నది. నా మొహం చూసి అన్నదో, చూడకుండా అన్నదో. నేను దాని కాళ్లు తుడిచాను.

ఇప్పుడు చార్జింగ్ నేనే పెడతాను. ఎర్ర దీపం పచ్చగా మారేదాకా కనిపెట్టుకుని ఉంటాను. గజ్జెలను అది కాలేజీలో కూడా విప్పడం లేదట. సాయంత్రం అవి వడివడిగా మోగితే లేచి చాయ్ పెడతాను. కానీ వంతెన మీద గుంత ఒకటుంది. అక్కడ అది బండిని నెమ్మది చేస్తుంది. గుంత కోసమేనని తెలుసు. అయినా మళ్లీ గలగలమనేదాకా నా చేతిలో బీడీ సగంలోనే ఆగిపోతుంది.