ఎఫిమ్ మామకు నచ్చని తూటాలు

మా ఎఫిమ్ మామకున్న పిచ్చి ఒక్కటే: ఎదుటి మనిషి మొహం చూడడు, నడుము చూస్తాడు. ఎలుగుబంటి ఎదురైతే వాడడానికి నువ్వు నడుముకి ఏం కట్టుకున్నావన్నదే ఆయనకు కావాలి. తూటాలా, ఎలుగు కళ్ళలో కొట్టే మిరప స్ప్రేనా? తూటాలైతే ఎలాంటివి? స్ప్రే అయితే చేతికందేచోట ఉందా, సంచి అడుగున నిద్రపోతోందా? నా పెళ్లిరోజున తెల్లగౌనులో చర్చి మెట్లెక్కుతుంటే ఊరంతా ఎంత బాగుందో అని మురిసిపోయింది. ఆయనొక్కడే "నడుముకేం లేదేమే మార్ఫా!" అని కేకేశాడు. పాపం, ఫాదర్ గెరాసిమ్ తన నడుము తడుముకున్నారు.

మాది అలాస్కాలోని కోడియాక్ దీవి. ఇక్కడి ఎలుగు నిలబడిందంటే ఇంటి చూరు అందుకుంటుంది. దానికి పనికొచ్చే తూటా ఏదో తెలిసినవాడు మా మామేనని ఊరి నమ్మకం. రేవు పక్కనే ఆయన దుకాణం. ఎవడైనా పిస్తోలు కట్టుకుని వచ్చాడా, అయిపోయాడే!

"ఏదీ, నీ తూటా ఇలా తే నాయనా."

"చాలా మంచిదండీ, ఖరీదైనది."

మామ దాన్ని వేళ్ళ మధ్య దొర్లించేవాడు, వెలుతురుకి పట్టేవాడు, వాసన కూడా చూసేవాడు. "మనుషుల కోసం చేసింది బాబూ ఇది. మూతి మెత్తన. లోపలికెళ్ళగానే విచ్చుకుంటుంది. ఎలుగు కొవ్వులో విచ్చుకుని ఏం లాభం? దోమ కుట్టిందనుకుని గోక్కుంటుంది."

"మరేది కొనాలండీ?"

"మూతి మొండిగా ఉండాలి, గట్టి సీసంతో పోసి ఉండాలి, ఎముక విరుచుకుని పోవాలి."

"అదే ఇవ్వండి మరి."

"తొందరేంటయ్యా! ఇదిగో, ఇది బరువు చాలదు. ఇదేమో బరువెక్కువ, పేలిస్తే చెయ్యి ఎగిరి నీ ముక్కే పగులుతుంది. సరైనది వచ్చే ఓడలో వస్తుంది. అందాకా ఇది పట్టుకెళ్ళు" అంటూ చేతిలో స్ప్రే డబ్బా పెట్టేవాడు. ఓడలు వచ్చాయి, పోయాయి. సరైన తూటా మాత్రం ఇంతవరకూ ఏ ఓడలోంచీ దిగలేదు.

కొత్తగా వచ్చిన బడి పంతులుగారొకాయన ఆ స్ప్రేని దోమల మందనుకుని ఒళ్ళంతా కొట్టుకున్నాడు. మిరప ఘాటు కదా, చలిలో చొక్కా విప్పేసి సముద్రంలోకి ఉరికాడు. ఊరు ఊరంతా నవ్వుతుంటే మామ మాత్రం "తప్పు డబ్బాది. మూత మీద సరిగ్గా రాయలేదు" అని డబ్బాని తిట్టాడు.

మా తమ్ముడు నికిఫోర్‌ది చెరువు దగ్గర సాల్మన్ చేపల్ని లెక్కపెట్టే ఉద్యోగం. కిందటేడు ఒక ఆడ ఎలుగు వాడి మీదికి ఉరికొచ్చి, మొహం మీద ఊపిరి తగిలేంత దూరంలో ఆగి వెనక్కి తిరిగింది. ఒంటి మీద గీత పడలేదు గానీ, ఆనాటి నుంచీ వాడి చేతులు వణుకుతున్నాయి. ఈసారి వెళ్ళకపోతే ఉద్యోగం పోతుంది. అంతకంటే పెద్ద బెంగ నాది: ఇప్పుడు వెనకాడితే వాడు జన్మలో మళ్ళీ అడవిలో అడుగుపెట్టడు.

"మామా, నీ దుకాణంలో ఉన్నవాటిల్లో పెద్ద తూటాలివ్వు" అన్నాడు వాడు.

"ఛ, ఇవా! వచ్చే ఓడలో..."

"నీ ఓడ తగలెయ్య!" అన్నాను నేను. "వాడి ప్రాణం పోతుంటే నీకు వేళాకోళంగా ఉందా?"

మామ తూటాల పెట్టె మూసేశాడు. వాడికో స్ప్రే డబ్బా ఇచ్చి పంపాడు.

నీటి మీద వాలే చిన్న విమానంలో ఆ డబ్బాని ఎవరూ లోపల పెట్టుకోరు. గాల్లో ఉండగా కారితే పైలట్‌కి కళ్ళు కనబడవు. అందుకని విమానం కింద నీళ్ళ మీద తేలే గొట్టంలాంటి కాలికి కట్టేస్తారు. వాడిని చెరువు దగ్గర దింపి విమానం తిరిగొచ్చింది. ఎవరి నడుమూ దొరక్క మామ విమానం నడుము చూశాడు. డబ్బా ఇంకా దాని కాలికే ఉంది!

"డ్వేన్, మళ్ళీ లేపరా!" అని పైలట్ మీద అరిచి మామ లోపలికి దూకాడు. వెనకే నేను. దారి పొడుగునా నాకు వాడి వణికే చేతులే కనిపించాయి.

చెరువు మీద దిగేసరికి నికిఫోర్ ఒడ్డున కొయ్యబారి నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఆడ ఎలుగు, దాని వెనక పిల్ల. అమ్మో, అదేం జంతువండీ! పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాన్ని, నాకే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

మామ నడుముకి నా చెయ్యంత రివాల్వరుంది. తీస్తాడనుకున్నాను. తీయలేదు. విమానం కాలి నుంచి డబ్బా విప్పి, మోకాళ్ళ లోతు నీళ్ళలో మెల్లగా నడిచి, దాన్ని తెచ్చి నికిఫోర్ చేతిలో పెట్టాడు.

"నా వల్ల కాదు మామా."

"గాలి మన వెనక నుంచే వీస్తోంది. దాన్ని ఇంకా దగ్గరికి రానీ. ఇంకా... ఇప్పుడు నొక్కరా!"

అంటూనే ఆ మహానుభావుడు వాడికి అడ్డంగా రెండడుగులు ముందుకేశాడు. నారింజరంగు మబ్బు మామని మింగి, ఎలుగు దాకా పోయింది. ఎలుగు తుమ్మింది. మూతి నేలకేసి రుద్దింది. పిల్లని వెంటేసుకుని పొదల్లోకి పోయింది.

కళ్ళు మూసుకుని బూతులు తిడుతున్న మామని నీళ్ళ దగ్గర కూర్చోబెట్టాను. రివాల్వర్ తడుస్తుందని తీసి చూస్తే ఏముందీ, ఖాళీ.

"మామా! ఇందులో తూటాలేవీ?"

"ఒక్కటీ నచ్చలేదే" అన్నాడు ముక్కు చీదుతూ. "భయపడ్డవాడి చేతికి తుపాకీ ఇస్తే ముందు పోయేది పక్కవాడు. ఆ మాట మొహం మీద ఎలా చెప్పనూ?"

ఇన్నేళ్ళూ ఎంతమందిని వెనక్కి పంపాడో! అందరి దగ్గరా తూటాని తిట్టాడు గానీ, ఒక్కరి చేతినీ తిట్టలేదు. నేను తిట్టిన తిట్టుకి నా మీదే నాకు సిగ్గేసింది. ఆ తడి చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకున్నాను.

"నొక్కేటప్పుడు చెయ్యి వణికిందిరా?" అని మామ కళ్ళు మూసుకునే అడిగాడు.

నికిఫోర్ తలొంచుకున్నాడు. "వణికింది మామా. బాగా."

"ఎలుగుకి తెలిసిందా?"

వాడు పొదల వైపు చూశాడు. ఏడాది తరవాత మొదటిసారి నవ్వాడు. "తెలీలేదు."

"మరింకేం! టీ పెట్టు."